అన్ని మంచులకూ ఒకే జత

స్కీ కొనేవాళ్లు ముందు దాని నడుము ఎంతని అడుగుతారు. బూటు బిగించే చోట స్కీ వెడల్పే ఆ నడుము. స్లాలమ్ పందేల స్కీకి అది 65 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. లోతు మంచు కోసమే చేసినవి 110 దాటుతాయి. మధ్యలో 85 నుంచి 100 దాకా ఉన్నవాటిని ‘ఆల్ మౌంటెన్’ పేరుతో అమ్ముతారు. యంత్రం చదును చేసిన దారి మీదా, పక్కన ఎవరూ తొక్కని మంచులోనూ పనికొస్తాయంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన సరుకును నమ్మొచ్చా? చాలావరకు నమ్మొచ్చు, దేనికి ఎంత వదులుకుంటున్నామో తెలిస్తే.

రాత్రి యంత్రం నడిచిన దారి పొద్దున్నే సన్నటి చాళ్లతో గట్టిగా ఉంటుంది. స్కీని పక్కకు ఒరిగిస్తే వెడల్పైన రెండు కొనలూ మంచుకు ఆనుతాయి, నడుము దగ్గర ఖాళీ మిగులుతుంది. మన బరువుకు స్కీ వంగి ఆ ఖాళీ పూడుతుంది, ఉక్కు అంచు ఆ వంపు వెంటే తిరుగుతుంది. మలుపు కుదిరిందో లేదో వెనక్కి చూస్తే తెలుస్తుంది: కుదిరితే రెండు సన్నటి గీతలు, జారితే మంచు చెదిరిన వెడల్పాటి పట్టీ. స్లోవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ 1990ల మొదట్లో బాగా సన్ననడుము ఉన్న ఎస్‌సీఎక్స్ స్కీ తెచ్చేదాకా ఇలాంటి మలుపు మామూలు వాళ్లకు అంత తేలిగ్గా అందేది కాదు.

లోతు మంచులో ఈ లెక్క తిరగబడుతుంది. అంచు పట్టుకోవడానికి గట్టి పొర ఉండదు, తేలడమే ముఖ్యం. అమెరికన్ స్కీయర్ షేన్ మెకాంకీ నీటి మీద జారే స్కీలను చూసి ఈ సంగతి పట్టుకున్నాడు. ఆయన ఆలోచనతో 2002లో వచ్చిన వోలాంట్ కంపెనీ స్కీ స్పాచులాకు కొనలు పైకి లేచి ఉంటాయి, నడుమే వెడల్పు. గట్టి మంచు మీద అది మాట వినేది కాదు. ఇవాళ్టి ఆల్ మౌంటెన్ స్కీ నడుమును ఎలాన్ దారిలో, ముక్కును స్పాచులా దారిలో తెచ్చుకుంది. ముక్కు ముందే పైకి లేస్తుంది కాబట్టి పాతకాలం వాళ్లలా వెనక్కి వాలక్కర్లేదు. చదును దారిలో బరువు బయటి కాలి మీద వేయాలి, ఇక్కడ రెండు కాళ్లకూ దాదాపు సమానంగా పంచాలి. లేకపోతే బరువు పడిన కాలు కూరుకుపోతుంది.

నష్టాలూ ఉన్నాయి. నడుము పెరిగేకొద్దీ అంచు పాదం మధ్య నుంచి దూరమవుతుంది. గడ్డకట్టిన చోట దాన్ని పట్టి ఉంచే భారమంతా మోకాలిదే. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడమూ ఆలస్యమే.

అయినా ఆల్ మౌంటెన్ స్కీ అసలు సత్తా మధ్యాహ్నం కనిపిస్తుంది. పొద్దుటి మెత్తటి మంచును అందరూ తొక్కేసి గుట్టలు గుట్టలుగా చేసి ఉంటారు. తేలికపాటి స్కీ ప్రతి గుట్టకూ ఎగిరిపడుతుంది. లోపల అల్యూమినియం మిశ్రలోహపు రేకులున్న బరువైన స్కీ వాటిని చీల్చుకుపోతుంది. లోతు మంచు స్కీకీ, పందేల స్కీకీ సుఖం లేని ఈ చోటే దీని ఇల్లు.

ఎంత నడుము కావాలన్నది వెళ్లే చోటును బట్టే. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గొండోలా అనే రోప్‌వే దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వత్ కొండ మీద దింపుతుంది. అక్కణ్నుంచి కిందికి ఎక్కువ భాగం యంత్రం ముట్టని మంచే, కాబట్టి 100 దగ్గరి నడుము న్యాయమే. హిమపాతం నుంచి మాత్రం ఏ స్కీ కాపాడదు. అక్కడ మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే బీకన్, పార, స్థానిక గైడు ఉండాల్సిందే. రోజంతా చదును దారుల్లోనే తిరిగే ఆల్ప్స్ యాత్రికులు, దుకాణదారు ఎంత వెడల్పైనది చూపించినా, 90 లోపు జతే అడగడం మేలు.