కొండ కొంచెం కుడికి

టాటానగర్‌లో మా చిన్నప్పుడు రాత్రిపూట ఇంకోసారి పొద్దుగుంకేది. ఇనుము కాచగా మిగిలిన స్లాగును సలసల కాగుతుండగానే తెచ్చి ఒంపేవారు. ఆకాశం కాసేపు నారింజరంగు తిరిగి, మళ్లీ నల్లబడేది. కద్మాలో మేడమీద పడుకున్న మేం దుప్పటి తీసి చూసేవాళ్లం కూడా కాదు, అంత అలవాటు.

ఇప్పుడు ఆ ఎరుపునే కంప్యూటర్ తెరకు వాల్‌పేపర్‌గా గీస్తున్నాను. కింద దల్మా కొండల నల్లటి అంచు, పైన ఎరుపు కరిగి చీకటయ్యే ఆకాశం. చూసింది వేరువేరు వైపులే కావచ్చు, బొమ్మలో రెంటినీ ఒకచోటికి తెచ్చాను. గంట పని అనుకున్నా. మూడు ఆదివారాలు మింగేసింది.

సంగతేమిటంటే, మామూలు బొమ్మ ఫైల్లో ఎరుపుకి ఉండేవి 256 మెట్లే. చీకటి ఆకాశానికి అందులో ఏ 20 మెట్లో దక్కుతాయి. 1080 పిక్సెళ్ల ఎత్తు తెరలో నా ఆకాశం 800. పంచిపెడితే ఒక్కో మెట్టు 40 పిక్సెళ్ల పట్టీ. మెల్లగా కరగాల్సిన ఆకాశం కాస్తా చారల దుప్పటయి కూర్చుంది. దీనికి మందు తమాషాగా ఉంటుంది: బొమ్మని కాస్త పాడుచెయ్యాలి. కంటికి ఆనీ ఆనని నలుసులు చల్లాలి, నాయిస్ అంటారు. పట్టీల అంచులు చెదిరి చారలు మాయమవుతాయి. అసలు ఆకాశంలో ఆ పని మా ఊరి దుమ్మే చేసిపెట్టేదేమో!

వాల్‌పేపర్‌ది వింత బతుకు. గోడమీది పటానికి ఎవరూ అడ్డంగా సామాను పేర్చరు, దీనిమీద పేర్చడానికే దీన్ని గీస్తాం. విండోస్‌లో ఐకాన్లు ఎడమ అంచునుంచి మొదలవుతాయి. చార్లెస్ ఓరియర్ 1996లో కాలిఫోర్నియాలో తీసిన పచ్చకొండ ఫొటో, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెరమీద మనందరం చూసిందే. ఆయన దాన్ని కంప్యూటర్ కోసం తియ్యలేదు గానీ, ఎడమన పైనంతా ఆకాశమే, ఐకాన్ల పేర్లు హాయిగా చదవొచ్చు. ఇదంతా తెలిసీ నేను శిఖరాన్ని ఎడమనే పెట్టాను. నాకు గుర్తున్నది అలాగే మరి.

శ్రీకాకుళంలో ఉన్న మా బావకి వాట్సాప్‌లో ఫొటోగా పంపాను. అది ఫైలు బరువు తగ్గించే తొందరలో నేను చల్లిన నలుసంతా ఊడ్చేసింది. చారలు మళ్లీ ప్రత్యక్షం. డాక్యుమెంటుగా పంపితే గానీ ఉన్నదున్నట్టు చేరలేదు.

మర్నాడు బావ ఫోను.

"ఒరే, పెట్టాన్రా. మేడమీద పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఒక్క మాట చెప్పనా?"

"చెప్పు బావా."

"రీసైకిల్ బిన్ సరిగ్గా శిఖరమ్మీద కూర్చుంది. బాగోలేదు."

"దాన్ని జరుపు మరి."

"అది ఎప్పుడూ అక్కడే ఉంటుందిరా, చెయ్యి అలవాటు పడిపోయింది. నువ్వే కొండని కొంచెం కుడికి జరపవా?"

దల్మాని 300 పిక్సెళ్లు జరిపాను.