రాగి తీగతో కుట్టిన పడవ

మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ దగ్గర కృష్ణ దాటి కురువపురం వెళ్లేవాళ్లు పుట్టి ఎక్కుతారు. వెదురు బద్దల అల్లిక, దానికి నీరు పట్టని పొర. రాళ్లు తేలిన పాయలో, లోతు లేని చోట దానికి సాటి లేదు. కానీ నాగార్జునసాగర్ లాంటి విశాలమైన నీటి మీద కాసేపు తెడ్డు వేసి, గాలి లేచాక తెరచాప ఎత్తాలంటే పుట్టి కుదరదు. గుండ్రటి అడుగు గాలి ఎటు తోస్తే అటు జారిపోతుంది.

అలాంటి నీటికి ప్లైవుడ్‌తో మనమే కట్టుకోగల పడవ ఏదంటే నేను మిర్రర్ పేరే చెబుతాను. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ ఇంకా సులువే, కానీ అది ఒక్క పిల్లవాడికి సరిపోయే పడవ. మిర్రర్‌ను 1962లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ రూపొందించారు. డైలీ మిర్రర్ పత్రిక అండగా నిలిచింది, ఆ పేరే పడవకూ వచ్చింది. పొడవు 3.3 మీటర్లు, ఇద్దరు మోయగల బరువు.

దాని గొప్పతనమంతా అతుకుల్లో ఉంది. మామూలుగా పడవకు ముందు అస్థిపంజరం నిలబెట్టి, దానిమీద పలకలు బిగిస్తారు. ఇక్కడ అదేమీ అక్కర్లేదు. గీత ప్రకారం కోసిన పలకల అంచుల వెంట చిన్న రంధ్రాలు పెట్టి, రాగి తీగ దూర్చి మెలితిప్పుతారు. దర్జీ వేసే కచ్చా కుట్టులాంటిదే. వంపు తిరిగిన అంచులు ఒకదానితో ఒకటి కలిసేసరికి, అప్పటిదాకా చదునుగా ఉన్న ప్లైవుడ్ తనంతట తానే వంగి పడవ రూపానికి వస్తుంది. ఆకారాన్ని ముందే అంచుల్లో దాచిపెట్టిన ఆ ఆలోచనకు ఎన్నిసార్లైనా దండం పెట్టవచ్చు. తర్వాత అతుకుల మీద గాజునార పట్టీ పరిచి రెసిన్ పట్టిస్తారు. బయటికి పొడుచుకొచ్చిన తీగ కొసలు కత్తిరించేస్తారు. ముక్కు కూడా మొనదేలి ఉండదు, పలకతో మూసిన మొద్దు ముక్కు. పలకలను మొన దగ్గర మెలిపెట్టి కలిపే కష్టం దాంతో తప్పింది.

తెరచాప కట్టే వాసాలన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి, తెడ్డు వేసేటప్పుడు వాటిని లోపలే పడుకోబెట్టవచ్చు. మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది, అందుకే మిర్రర్ ఎదురుగాలికి కూడా ఏటవాలుగా మలుపులు తిరుగుతూ ముందుకు పోగలదు.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో షీట్లు కొనేవాళ్లు ఐఎస్ 710 ముద్ర చూసి మెరైన్ ప్లైవుడ్డే అడగాలి. కోసిన ప్రతి అంచుకూ రెసిన్ తాపాలి, నీరు ముందు చొరబడేది అక్కడే.