గర్నాతాను మర్సియాగానే చదవాలా?

గర్నాతా పేరెత్తగానే మన సభల్లో, పత్రికల్లో ఒకే దృశ్యం కళ్ళకు కట్టిస్తారు. 1492 జనవరి 2న, అంటే హిజ్రీ 897లో, చివరి నస్రీ అమీరు అబూ అబ్దిల్లాహ్ అల్‌హమ్రా కోటను ఫెర్డినాండ్, ఇసబెల్లాలకు అప్పగించటం, కొండమీద ఆగి వెనుదిరిగి చూసి కంటతడి పెట్టటం, తల్లి దెప్పిపొడవటం. కోట అప్పగింత చరిత్ర. కొండమీది కన్నీరు, తల్లి ఎత్తిపొడుపు మాత్రం గెలిచినవారి కలాలు తరువాత అల్లిన కథ. దానినే మనం మన శోకగాథగా నెత్తికెత్తుకున్నాము.

రుందా వాసి అబుల్ బఖా రచించిన ప్రసిద్ధ మర్సియాకూ ఇదే గతి పట్టింది. గర్నాతా పతనం మీద విలాపమంటూ దానిని ఉదహరించేవారున్నారు. ఆ కవి 1285లోనే కన్నుమూశాడు! అతడు విలపించింది ఖుర్తుబా (1236), బలన్సియా (1238), జయ్యాన్ (1246), ఇష్బీలియా (1248) వంటి నగరాల కోసం. పైగా గర్నాతా రాజ్యస్థాపకుడు ముహమ్మద్ ఇబ్నుల్ అహ్మర్ స్వయంగా జయ్యాన్‌ను కాస్టీల్ రాజుకు వదులుకొని, కప్పం కట్టటానికి ఒప్పుకొని, ఇష్బీలియా ముట్టడికి తన రౌతులను పంపాడు. రెండున్నర శతాబ్దాల ఆయుష్షును ఆ రాజ్యం ఈ వెలకు కొనుక్కొంది. ఇది దాచిపెట్టి మర్సియా చదివితే మిగిలేది రాగమే.

ఇక అల్‌హమ్రా గోడలమీది కవిత్వం. సింహాల ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న 'అక్కచెల్లెళ్ళ మందిరం'లో ఇబ్ను జమ్రక్ ఖసీదా చెక్కి ఉన్నది. మందిరమే నోరు విప్పి, 'నేను' అంటూ తన సొగసును తానే చెప్పుకొంటుంది. మొత్తం 146 బైతుల ఖసీదాలో గోడకెక్కినవి 24. అయిదవ ముహమ్మద్ సుల్తాను కుమారుని ఖత్నా ఉత్సవానికి రాసిన స్తుతి అది. తర్జుమా చేసేవారు తరచుగా తోటను, నక్షత్రాలను ఉంచి సుల్తానును తొలగిస్తారు. అప్పుడది ఎవరిదో ఏకాంత స్వప్నంలా కనబడుతుంది. కాదు, అది కొలువు కవిత్వం. దాని అందం, దాని ఊడిగం ఒకే దారంతో నేసినవి.

ఆ ఊడిగం ఎంతదూరం పోయిందో ఉస్తాద్ కథ చెబుతుంది. ఇబ్ను జమ్రక్ గురువు లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్ (1313-1374) వజీరు, కవి, చరిత్రకారుడు, హకీము. 1348 మహమ్మారి తరువాత, రోగం ఒకరినుండి ఒకరికి అంటుకొంటుందన్నది అనుభవమూ పరిశీలనా రుజువు చేసిన సంగతి అని వాదించిన సాహసి. కొలువులో శత్రువులు పెరగగా 1371లో సముద్రం దాటి మగ్రిబ్ చేరాడు. ఖాజీ అన్నుబాహీ ఆయన అఖీదాను తప్పుపట్టాడు. దైవప్రేమపై ఆయన రాసిన గ్రంథం నేరపత్రమయింది. గర్నాతాలో ఆయన పుస్తకాలను తగులబెట్టారు. ఫాస్ నగరంలో విచారణకు గర్నాతా తరఫున వచ్చినవాడు మరెవరో కాదు, అప్పటికి వజీరయిన షాగిర్దు ఇబ్ను జమ్రక్. ఇబ్ను ఖల్దూన్ విడిపించ ప్రయత్నించాడు గాని సాగలేదు. చెరసాలలో గొంతు పిసికి చంపారు. ఖననం చేసిన శవాన్ని కూడా వెలికితీసి కాల్చారు.

1500 ప్రాంతంలో కార్డినల్ సిస్నెరోస్ గర్నాతాలో మన గ్రంథాలను తగులబెట్టించాడని మనం చెబుతాము, చెప్పాలి కూడా. అయితే అంతకు నూరేళ్ళకు పైబడి ముందే, అదే నగరంలో, మన ఉలమా సమక్షంలో రగిలిన మంటను గురించి మన ఉపన్యాసకులు నోరు మెదపరెందుకు? శత్రువు వెలిగించినదే మంటా? సిస్నెరోస్ నేరాన్ని ఇది రవ్వంతయినా తగ్గించదు. కాని ఒక మంటకు ఏడ్చి రెండవదాన్ని దాచేవానిది చరిత్ర జ్ఞానం కాదు, పక్షపాతం.

మరి ఇబ్ను జమ్రక్ కవితను గోడమీదనుండి చెరిపివేయాలా? అవసరం లేదు. అతడు కూడా 1393 ప్రాంతంలో సుల్తాను ఆజ్ఞతో తన ఇంట్లోనే హతుడయ్యాడు. కవితను పూర్తిగా, సుల్తానుతో సహా, సందర్భంతో సహా తర్జుమా చేస్తే చాలు. దానితోపాటు మరి రెండు పుటలు కూడా తెలుగులోకి రావాలి. ఇబ్నుల్ ఖతీబ్ తన 'అల్ ఇహాతా'లో ఈ శిష్యుని చురుకుదనాన్ని వాత్సల్యంతో మెచ్చుకొన్న పుట ఒకటి. మగ్రిబ్‌లో ఉన్న రోజుల్లో 'అల్ కతీబతుల్ కామినా'లో అదే శిష్యుణ్ణి నిర్దాక్షిణ్యంగా దుయ్యబట్టిన పుట మరొకటి. రెండూ ఒకే కలం రాసినవి.