శబ్దక్రీడయు భాషామర్యాదయు

శబ్దములతో నాడుకొనుటకుఁ గవిత్వమున నధమస్థానమే తగునని మన లాక్షణికులు నిర్ణయించిరి. మమ్మటుఁడు చిత్రమును ధ్వనికిని గుణీభూతవ్యంగ్యమునకును దిగువ నిలిపెను. ఆ నిర్ణయము రసదృష్టిచేఁ జేయఁబడినది గావున రసవిషయమునఁ దిరుగులేనిది. కాని శబ్దశాస్త్రదృష్టితోఁ జూచువారికిఁ జిత్రకవిత్వము వేఱొక ప్రయోజనమును గలిగించుచున్నది. ఏ భాషకుఁ గీళ్లెచ్చట నున్నవో యా భాషలోని యాటలే చూపును. ఇంగ్లీషువారి శబ్దవినోదములను మనవానితో సరిపోల్చినచో నీ యంశము తేటపడును.

మొదట గతప్రత్యాగతము. ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను మాఱని పదమునకు నింగ్లీషువారు 'మేడమ్' అను మాటను జూపుదురు. వారి లిపిలో నది యైదు చిహ్నములు; ఆ యైదును వెనుకకుఁ జదివినను నదియే మాట. దానినే తెలుఁగున వ్రాసి త్రిప్పినచోఁ గడపటి పొల్లు మొదటికి వచ్చి పదము రూపుచెడును. మనకుఁ బ్రసిద్ధమైనది తెనాలి రామకృష్ణకవి కథలోని 'వికటకవి'. ఇందు వి, క, ట, క, వి యను నైదక్షరములు. రోమను లిపిలో నిది పది చిహ్నములగును. త్రిప్పినచో నికారము వకారమునకు ముందు నిలిచి పదము చెడును. మనకు హల్లును నచ్చును గూడి యొక యక్షరము. వారికి నవి వేర్వేఱు. వారి యాటకుఁ గొలత లిపిచిహ్నము, మన యాటకుఁ గొలత యక్షరము.

రెండవది వర్ణత్యాగము. ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ 1939లో 'గాడ్స్‌బీ' యను నవలను ప్రకటించెను. అందు 50,000కు మించిన మాటలున్నను, 'ఈ' యని పిలువఁబడు నింగ్లీషు లిపిచిహ్న మొక్కచోటను లేదు. రచయిత పేరునకు మొదటి చిహ్నమదియే! భూతకాలక్రియల చివర వచ్చు ప్రత్యయమున నా చిహ్నముండుట తన్ను మిక్కిలి బాధించెనని యాతఁడే పీఠికలోఁ దెలిపెను.

మన నిరోష్ఠ్యము విడుచునది చిహ్నమును గాదు, ఉచ్చారణస్థానమును. దండి దశకుమారచరితమున సప్తమోచ్ఛ్వాసములో మంత్రగుప్తుఁడు ప్రియాదంతక్షతముచేఁ బెదవి నొచ్చినవాఁడై కథనంతయు నోష్ఠ్యవర్ణములు లేకుండఁ జెప్పును. అచ్చట నియమమునకుఁ గథలోనే హేతువు కలదు. తెలుఁగున నిరోష్ఠ్యము మఱింత కఠినము. డు, ము, వు, లు అను ప్రథమావిభక్తి ప్రత్యయములన్నిటను నుకారమున్నది గదా! పదునాఱవ శతాబ్దమున మరింగంటి సింగరాచార్యుఁడు నిరోష్ఠ్యముగా రామకథఁ జెప్పఁబూని, మకారము గల రామశబ్దమునే విడువవలసినవాఁ డయ్యెను. కావ్యమునకు 'దశరథరాజనందన చరిత్ర' యని పేరిడెను. ఆ పేరునఁ బెదవి తగులు వర్ణ మొక్కటియు లేదు. వీరేశలింగము శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమునకుఁ బూనుకొన్నప్పు డిబ్బంది యింకను హెచ్చినది. 'నలుఁడు' అన్నచో నుకారము, 'దమయంతి' యన్నచో మకారము. నాయకునిఁ బ్రథమావిభక్తిలోను, నాయికను నే విభక్తిలోను బేరుతోఁ జెప్పరాదు. రైటునకు భూతకాలప్రత్యయ మెట్టిదో మనవారికి డుమువు లట్టివి.

ఇట్టి నియమమునకు హద్దును గలదు. చిలకలూరిపేటను నిరోష్ఠ్యమున వర్ణింపఁదలఁచిన కవి యా పేరును బలుకలేఁడు. ఊకారమును బకారమును నడ్డుపడును. 'కీరనగరి' యన్నచోఁ బెదవి కదలదు. కాని యది తమ యూరని యా యూరివారికే తోఁపదు. నియమము నిలిచి యర్థము జాఱినచో నది చాతుర్యము గాదు, లోపమే.

మూఁడవది శ్లేష. ఇంగ్లీషున 'నైట్' అన్నచో రాత్రియు నగును, గుఱ్ఱపు వీరుఁడును నగును. పలుకొకటి, వ్రాఁత వేఱు. తెలుఁగున వ్రాఁతయుఁ బలుకును నించుమించుగా నొక్కటియే గావున నట్టి వినోదమున కవకాశ మల్పము. మన సభంగశ్లేష సంధిలోను బదవిభాగములోను వసించును. చిలకలూరిపేటకు సమీపముననే యున్న కొండవీట, 1420 వఱకుఁ బాలించిన పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారియై, శ్రీనాథుఁడు శ్రీహర్షుని నైషధమును దెనిఁగించెను. నలరూపము దాల్చిన దేవతలను సరస్వతి వర్ణించు పట్టున శ్లేషను నిలుపుట కాతనికిఁ దత్సమపదములే శరణ్యములు. శ్లేష యొక భాషనుండి వేఱొక భాషకుఁ బోవలెనన్న శబ్దమును దోడఁ బోవలయును.

అవధానములందు దత్తపదిగా నింగ్లీషు మాటల నిచ్చు వాడుక కలదు. పత్తియు మిరపయు మోసికొని చిలకలూరిపేట దారిని బోవు 'లారీ'నే పృచ్ఛకుఁ డొసఁగె ననుకొందము. 'జనులా రీతి నడచిరి' యన్నచో 'జనులు, ఆ రీతి' యను విభాగమున లారీ మాయమగును. పరభాషాపదమును విఱిచి తనలోఁ గలుపుకొన్నది యుత్వసంధి.

కావున నింగ్లీషు వినోదములను యథాతథముగాఁ దెలుఁగునకుఁ దేఁబూనుట నిష్ఫలము. తెలుఁగున నట్టివి లేవనుట యజ్ఞానము. నేఁడు చేతిఫోనులలోఁ దెలుఁగును రోమను లిపితో వ్రాయువారు పెక్కండ్రు. ఆ వ్రాఁతలో వికటకవిని ద్రిప్పినచో వికటకవి రాఁడు. నష్టము వినోదమునకు మాత్రమే కాదు, అక్షరమన నేమో యెఱుఁగు తెలివికిని. బాలురచే సంధిసూత్రమును వల్లె వేయించుటకు ముం దొక దత్తపది నిచ్చినచో సూత్రమెందులకో వారికే తెలియును. మమ్మటుఁడు చిత్రమునకుఁ గావ్యములలోఁ గడపటి పీట వేసెను. వ్యాకరణపాఠమున దానికి మొదటి పీట వేయుట తగును.