పాత సైకిలు వయసు పట్టే చేతులు

గన్నవరంలో చెయ్యి తిరిగిన పాత మెకానిక్ ముందు సైకిలు నిలబెడితే, ఆయన రంగు చూసి మురిసిపోరు. రంగు ఎవరైనా వేయించవచ్చు. ముందుగా సీటు కింద గొట్టం మీది తుప్పు తుడిచి నంబరు వెతుకుతారు. పెడల్ దగ్గరి పళ్లచక్రంలో కొంగబొమ్మలుంటే రాలీ గుర్తు, బీఎస్ఏ అక్షరాలుంటే ఆ కంపెనీది. స్టర్మీ-ఆర్చర్ గేరు హబ్ మీదైతే తరచుగా ఏడాదే కొట్టి ఉంటుంది: 58 అంటే 1958. అయినా అది హబ్ వయసే. చక్రం తర్వాత మార్చి ఉండవచ్చు. అందుకే రాలీ బండి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిందో, మన ఆసన్‌సోల్‌లోని సేన్-రాలీ కర్మాగారంలో పుట్టిందో తేల్చడానికి అన్ని భాగాలూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూస్తారు. ఒక్క గుర్తుతో తొందరపడని ఆ నిదానమే ఈ విద్యకు ప్రాణం. అలాంటి పెద్దల పక్కన కూర్చుని మన కుర్రాళ్లు దీన్ని నేర్చుకోవాలి.