నీకు ఎవరంటే ఇష్టం? ఏం చూసి?

పదో తరగతి ఫలితాలు రాగానే నెల్లూరు ఇళ్లలో ఒకటే ప్రశ్న: ఎంపీసీనా, బైపీసీనా? మార్కులు చూసి పెద్దవాళ్లే జవాబు చెప్పేస్తారు. మనిషి శక్తిని అంచనా వేసి సరిపడే ఉద్యోగం చూపే పద్ధతికి 1909లో బోస్టన్ వాడైన ఫ్రాంక్ పార్సన్స్ పుస్తకం దారి వేసింది. పనులు నిలకడగా ఉన్నచోట అది చెల్లింది. మన తీరంలో ఆ నిలకడ ఎక్కడిది? 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు రొయ్యల గుంటలను ఎండగట్టింది. 2008లో కృష్ణపట్నంలో కొత్త రేవు తెరిచారు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలకు మళ్లీ కళ వచ్చింది.

ఆ 2009లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ సావికస్, ఫ్రాన్స్‌కు చెందిన జాన్ గిషార్, మరికొందరు కలిసి ‘లైఫ్ డిజైన్’ ఆలోచనను ముందుపెట్టారు. ఉద్యోగం పేరు అడగడం మాని, ముందు మనిషి కథ వినమన్నారు. సావికస్ అడిగేవి ఐదు: చిన్నప్పుడు ఎవరిని మెచ్చుకున్నావు, ఏ పత్రికలూ కార్యక్రమాలూ చూస్తావు, నచ్చిన కథేది, మనసుకు పట్టిన మాటేది, మొట్టమొదటి జ్ఞాపకాలేవి.

జాలరి పల్లె పట్టపుపాలెం కుర్రాడొకడు వచ్చి సలహాదారు ముందు కూర్చున్నాడనుకుందాం.

“ఎవరంటే ఇష్టం నాయనా?”

“మా తాత సార్.”

“ఏం చూసి?”

“గాలి మారేది అందరికంటే ముందే కనిపెట్టేస్తాడు. ఎవురేమన్నా సరే, పడవ తిప్పేస్తాడు.”

కీలకం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. తాతలో మెచ్చిన గుణం పిల్లవాడు తనలో పెంచుకోవాలనుకుంటున్నదే. తర్వాత తొలి జ్ఞాపకం: తుపాను షెల్టర్లో జనాన్ని లెక్కపెడుతూ తమ్ముడు లేడని గుర్తించడం. దానికి పేపర్లో వార్తలా శీర్షిక పెట్టమంటారు. “ఒకరు తక్కువని చెప్పిన పిల్లోడు” అంటాడు. ముందే కనిపెట్టడం, చెప్పడం: రెండు కథల్లోనూ అదే గుణం. సలహాదారు ఆ కథలను పిల్లవాడి మాటల్లోనే కలిపి వినిపిస్తాడు. అప్పుడు వాతావరణ శాఖ, ఓడ నడిపే చదువు, హ్యాచరీ ల్యాబులో వ్యాధి పరీక్షలు అతని కళ్లకు కొత్తగా కనిపిస్తాయి. ఏదైనా ఒకచోట కొన్నాళ్లు పని చూసి రమ్మని పంపడం తర్వాతి మెట్టు.

కథకు ఇంత బలముందా అని సందేహించేవాళ్లకు నెల్లూరు జిల్లా దూబగుంట ఊరే నా జవాబు. 1990ల మొదట్లో ఈ జిల్లా అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు సారాతో తమ బతుకులు ఎలా చెడుతున్నాయో చెప్పుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె ఊరి ఆడవాళ్లు సారాపై చేసిన పోరాటాన్ని పాఠంగా మార్చి ఊరూరా చదివించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. అది వృత్తి సలహా కాదు, నిజమే. కానీ తమ కథను తామే చెప్పుకున్నవాళ్లు తర్వాతి అడుగు తామే నిర్ణయించుకున్నారు.

ఒక లోటు మాత్రం ఉంది. సావికస్ పద్ధతి ఒక్క మనిషిని ఎదుట కూర్చోబెడుతుంది. ఇక్కడ, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో, నిర్ణయం ఇంటిల్లిపాదిది. ఫీజు కట్టేదీ వాళ్లే. అందుకే తల్లినీ తండ్రినీ కూడా పిలిచి, అవే ప్రశ్నలు ముందు వాళ్లనే అడగాలి. అమ్మ ఏం కావాలనుకుందో చాలామంది పిల్లలు వినేది అప్పుడే.