గులకరాళ్లు తెచ్చిన పిల్లవాడు

శాంతినికేతన్ అనగానే చెట్టు కింద కూర్చున్న పిల్లలు కళ్లముందు కదులుతారు. అక్కడి పాఠభవన్ బడిలో ఎవరి ఆసనం వాళ్లు చేతపట్టుకుని చెట్టు నుంచి చెట్టుకు నడుస్తారు. పీరియడ్ మారితే నీడ మారుతుంది. చూడముచ్చటైన దృశ్యమే. కానీ అదే పుస్తకాన్ని చెట్టు కింద వల్లె వేయిస్తే అది గోడల్లేని తరగతి గది అవుతుందంతే. ఆ బడి అసలు బలం నేలలో ఉంది.

శాంతినికేతన్ ఉన్న బోల్పూర్ దగ్గర ఎర్రమట్టి నేలను వాననీళ్లు ఏళ్ల తరబడి కోసి గండ్లు చేశాయి. అక్కడివాళ్లు వాటిని ఖోయాయి అంటారు. 1873లో తండ్రి దేవేంద్రనాథ్ వెంట పదకొండేళ్ల రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చాడు. ఆ గండ్లలో తిరిగి రంగురంగుల రాళ్లు ఏరి తెచ్చేవాడు. తండ్రి విసుక్కోలేదు. ఎంత బావున్నాయో అని మెచ్చుకుని, అక్కడున్న ఓ మట్టిదిబ్బను వాటితో అలంకరించమన్నాడు. కొన్ని అణాలు చేతికిచ్చి జమాఖర్చు చెప్పమనేవాడు. ఖరీదైన తన గడియారానికి కీ ఇచ్చే పని కూడా అప్పగించాడు. అక్కణ్నుంచి హిమాలయాలకు వెళ్లినప్పుడు రాత్రిపూట నక్షత్రాలను చూపించి పేర్లు చెప్పాడు.

భూగోళం, లెక్కలు, ఖగోళం, బాధ్యత: అన్నీ ఆ ఒక్క ప్రయాణంలోనే. ఏ పాఠానికీ ఫలానా సబ్జెక్టు అని పేరు పెట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 1901 డిసెంబర్‌లో, అదే నేల మీద రవీంద్రుడు బడి పెట్టాడంటే ఆ అనుభవం ఎంత లోతుగా నాటుకుందో అనిపిస్తుంది నాకు. 1930లో పసిపిల్లల కోసం ఆయన రాసిన ‘సహజ్ పాఠ్’ వాచకానికి నందలాల్ బోస్ బొమ్మలు వేశాడు. చదువూ చిత్రకళా అక్కడ వేరువేరు గదుల్లో ఉండేవి కావు.

ఇలా నేల మీద నేర్చుకోవడం మన ఊళ్లకేమీ కొత్త కాదు. వీధిబడిలో ఓనమాలు దిద్దింది ఇసుకలోనే కదా! ఇప్పుడు మూడో తరగతి టీచరు చేయగలిగిందీ చాలానే ఉంది. వాన వెలిశాక ఆవరణలో నీళ్లు ఎటు పారాయో, ఎక్కడ ఇసుక మేట వేసిందో పిల్లల చేత గీయిస్తే, నది పాఠం సగం అయిపోయినట్టే. పొద్దున పదింటికీ మధ్యాహ్నం పన్నెండింటికీ జెండా కర్ర నీడను జానలతో కొలవమంటే తీసివేత వస్తుంది. ఒకే నీడకు ఒకడు పన్నెండు జానలనీ, ఇంకొకడు పధ్నాలుగనీ పోట్లాడుకుంటే ఇంకా మంచిది. మీటరు కర్ర ఎందుకు పుట్టిందో ఆ తగువే చెబుతుంది. సాయంత్రం ఆ తగువునే నాలుగు వాక్యాల్లో రాయమంటే తెలుగు పాఠం.

ఇవన్నీ చేస్తుండగా ఎవరో ఒకరు జేబులోంచి గులకరాయి తీసి చూపిస్తారు. పారేయమనకుండా, ఎక్కడ దొరికిందో చూపించమని ఆ చిన్నారి వెంట నడవాలి.